నీ లెక్క చెప్పు తమ్మీ

(కొండగట్టు గుట్ట కింద జరిగిన వాడ సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మల్యాల నుంచి, జగిత్యాల నుంచి, కోరుట్ల నుంచి, సిరిసిల్ల నుంచి పని విడిచిపెట్టుకొని వచ్చిన్రు. ఒక దినం బీడీలు చుట్టకపోతే, ఒక దినం కూలికి పోకపోతే ఎంత నష్టమో మాకు తెలుసు. అందుకే ఇయ్యాల నాలుగు సంగతులు మాట్లాడం. ఒక్కటే మాట్లాడుకుందాం. అదేందంటే అప్పు.

మన సభలల్ల అంటరానితనం గురించి మాట్లాడుతం, రిజర్వేషన్ల గురించి మాట్లాడుతం, దాడుల గురించి మాట్లాడుతం. అప్పు గురించి మాత్రం నోరిప్పం. ఎందుకంటే సిగ్గు. అప్పున్నోడు తలొంచుకొని నడవాలెనని మనకు నేర్పిన్రు. మన వాడల అప్పులేని ఇల్లు ఎన్ని ఉన్నయో లెక్కపెట్టండి. ఇంటింటా ఉన్న కష్టం ఒక్కని సిగ్గు ఎట్లయితది?

మా ఇంట్ల డిగ్రీ చదివింది మేమే మొదలు. మా అక్క పెండ్లికి మా నాయన ఊర్ల ఒక పెద్దమనిషి దగ్గర రెండు వేలు తెచ్చిండు. ఆ రెండు వేలకు ఆరేండ్లు జీతమున్నడు. ఆరేండ్ల తర్వాత లెక్క అడిగితే రెండు వేలు అట్లనే ఉన్నయన్నరు. మధ్యల తెచ్చుకున్న జొన్నలు నాగు కింద రాసుకున్నరు. జ్వరమొచ్చి పనికి పోని దినాలు కోత కింద రాసుకున్నరు. ఆ పుస్తకం మా నాయన ఎన్నడూ చూడలే. చూసినా ఆయనకు చదువరాదు. మేం బడికి పోయి కూడికలు, తీసివేతలు నేర్చుకున్నంక నాయన వెంట పోయి లెక్క చూపమని అడిగినం. "నీ కొడుక్కు చదువెక్కువైంది" అన్నరు గని పుస్తకం తియ్యలే. ఇయ్యాల బడిల పిల్లలకు బారువడ్డీ, చక్రవడ్డీ చెప్తుంటే ఆ తియ్యని పుస్తకమే యాదికొస్తది.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. నైజాం రాజ్యంల దీన్ని భగేలా అన్నరు. అప్పుకింద మనిషిని కట్టేసే ఈ ఒప్పందాల మీద నైజాం సర్కారే 1943లో ఒక నిబంధన తేవలసి వచ్చింది. తర్వాత 1976లో కేంద్రం వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చేసింది. ఆ చట్టంల దేశంలోని వెట్టి పేర్లన్నీ వరుసగా రాసి ఉన్నయి. అందుల భగేలా ఉన్నది, జీతం ఉన్నది, పాలేరు ఉన్నది, వెట్టి ఉన్నది. మన తాతల బతుకు పేర్లు చట్టం పుస్తకానికి ఎక్కినయి. ఆ చట్టం ప్రకారం వెట్టి అప్పు చెల్లదు, కట్టనవసరం లేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల వేలమంది రైతుకూలీలు నడిచింది వెట్టికి ఎదురుగానే. ఆ తర్వాత అక్టోబర్ నెలల సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. మనిషిని అప్పుకింద కట్టేసినోళ్లను కల్లోలమనలే, తాడు తెంపుకున్నోళ్లను అన్నది.

గడీలు కూలినయి. దొరలు పట్నం పోయిన్రు. అప్పు మాత్రం అంగీ మార్చుకొని మళ్ల వాడకొచ్చింది. సిరిసిల్లల సేటు నూలు ఇస్తడు, ఆసామి సాంచాలు నడిపిస్తడు, కార్మికుడు ముందుగాల పైసలు తెచ్చుకొని ఆ సాంచాల కాడనే చిక్కుకుంటడు. ఎంతమంది నేతన్నలు అప్పులకు ప్రాణం తీసుకున్నరో మనకందరికీ తెలుసు. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు గల్ఫ్ వీసాకు మూడు రూపాయల మిత్తికి తెస్తరు. అక్కడికి పోయినోడు మొదటి ఏడాది సంపాదన అంతా మిత్తికే పంపుతడు. ఈ గుట్ట మీద పూలు, కొబ్బరికాయలు అమ్ముకునే వాళ్లు గిరిగిరి పైసల మీద నడుస్తున్నరు. ఇప్పుడు ఫోన్లల్ల యాప్ అప్పు వచ్చింది. 2020లో యాప్ వాళ్ల వేధింపులకు మన రాష్ట్రంలనే పిల్లలు పాణాలు తీసుకున్నరు.

మరి బ్యాంకు లేదా అంటరు. ఉన్నది. బ్యాంకుకు పోతే భూమి పట్టా ఏదంటరు, జమానతు ఎవరంటరు. మన పేరిట ఎస్.సి. కార్పొరేషన్ 1974లనే పుట్టింది. సబ్సిడీ కార్పొరేషన్ ఇస్తనంటది, బ్యాంకు ఒప్పుకున్న కాగితం తెమ్మంటది. ఆ కాగితం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినోళ్లు ఈ సభలనే ఎంతమంది ఉన్నరో చేతులెత్తండి. చూసిన్రా? మనకు అప్పు తీర్చే తాకత్ లేదని కాదు. మూడు రూపాయల మిత్తి కట్టేటోడు ఒక్క రూపాయి మిత్తి కట్టలేడా?

ఇప్పుడు కొంచెం సేపు ఇది బడి అనుకోండి. లెక్కలు చేద్దాం.

పదివేలు మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600. మూడేండ్లు మిత్తి కట్టుకుంటపోతే 10,800 పోయినయి. అసలు పదివేలు అట్లనే కూసున్నది.

రెండో లెక్క. పదివేలు ఒక్క రూపాయి మిత్తికి తెచ్చి, నెలకు వెయ్యి చొప్పున పది నెలల్ల అసలు తీర్చాలె. మిగిలిన అసలు మీదనే మిత్తి కడితే మొదటి నెల 100, రెండో నెల 90, మూడో నెల 80, అట్ల పదో నెల 10. మొత్తం 550 రూపాయలు. అదే కంపెనీవాడు "ఒక్క రూపాయే అమ్మా" అని చెప్పి, పది నెలలూ మొదటి పదివేల మీదనే లెక్కగడితే 1,000 రూపాయలు. పేరుకు ఒక్క రూపాయి, గుంజేది దాదాపు రెండు.

మూడో లెక్క గిరిగిరి. చేతికి 9,000 ఇస్తడు, దినం 100 చొప్పున నూరు దినాలు వసూలు చేస్తడు. వెయ్యే గదా అనిపిస్తది. కానీ ఆ తొమ్మిది వేలు మన దగ్గర నూరు దినాలు ఉంటలేవు. మొదటి దినం నుంచే తిరిగి పోతున్నయి. సక్కగ లెక్కగడితే అది నెలకు నూటికి ఆరు రూపాయల పైన పడుతది. దొర నాగు కంటే ఇదేం తక్కువ?

కాబట్టి మిత్తి ఎంత అని ఒక్క మాట అడిగితే సరిపోదు. చేతికి ఎంతొస్తది, మొత్తం ఎంత కట్టాలె, ఎన్ని దినాలల్ల, ఏ అసలు మీద మిత్తి? ఈ నాలుగూ అడగాలె. కాగితం మీద తెలుగుల రాసియ్యమనాలె. రాసియ్యనోని దగ్గర తీసుకోవద్దు.

మైక్రో ఫైనాన్స్ కంపెనీలు మన గడపల్లోకి వచ్చినప్పుడు పేదోళ్ల బ్యాంకన్నరు. అయిదుగురిని గుంపు చేసి, ఒకరు కట్టకపోతే నలుగురు కట్టాలన్నరు. దానివల్ల ఏమైంది? కంపెనీవాడు అరుగు మీద కూసున్నడు, మన ఆడోళ్లే మన ఆడోళ్లను తిట్టిన్రు. మా వాడల ఒక చిన్నమ్మ ఇంటి ముందు రాత్రి దాకా కూసుంటే, ఆమె కోడలు పుస్తెలు తీసిచ్చింది. 2010 ఆగస్టులో ఒక పెద్ద మైక్రో ఫైనాన్స్ కంపెనీ షేర్ మార్కెట్ కెక్కింది. అదే ఏడాది ఊర్లల్ల ఆత్మహత్యల వార్తలొచ్చినయి. అక్టోబర్ 15న అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆర్డినెన్స్ తెచ్చింది. అది తర్వాత చట్టమైంది. అయితే రిజర్వు బ్యాంకు కింద నడిచే ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కంపెనీలు మళ్ల వస్తున్నయి. కాబట్టి రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమాలు మనకు నోటికి రావాలె. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి ఇచ్చే ఈ అప్పుకు కుదువ అడగరాదు. ఆ ఇంటి అప్పుల కిస్తీలన్నీ కలిపినా నెల సంపాదనల సగం దాటరాదు. ముందుగాల కట్టేస్తే జుర్మానా వెయ్యరాదు. వసూలు ఇద్దరు ఒప్పుకున్న జాగల జరగాలె. ఊర్ల వడ్డీ వ్యాపారం చేసేటోనికి కూడా లైసెన్సు ఉండాలె. ఆ చట్టం నైజాం కాలం నుంచి, 1349 ఫస్లీ నుంచి ఉన్నది. గల్ఫ్ పోయేటోళ్లు ఒకటి యాదిపెట్టుకోండి. లైసెన్సున్న ఏజెంటు సర్వీసు ఛార్జి కింద 30,000 రూపాయలకు మించి తీసుకోరాదు, జి.ఎస్.టి. వేరు. లక్షలు అడిగిండంటే, ఆ అప్పే దొంగ అప్పు.

చట్టం తెలిస్తే దెబ్బ తప్పించుకుంటం. కానీ బిడ్డకు జ్వరమొస్తే రాత్రికి రాత్రి రెండు వేలు చట్టం ఇయ్యదు. దానికి మన పైసలు మన వాడల ఉండాలె.

ఇది కొత్త సంగతి కాదు. పాత కరీంనగర్ జిల్లాలనే ముల్కనూర్‌ల 1956లో రైతులు సహకార బ్యాంకు పెట్టుకున్నరు. అది ఇయ్యాల్టికీ నిలబడ్డది. మంచిదే. కానీ అది భూమి ఉన్నోళ్ల బలం మీద నిలబడ్డది. భూమి లేని మన గతేంది? 1990 ప్రాంతంల ఆ చుట్టుపక్కల ఊర్లల్ల ఆడోళ్లు సహవికాస సంస్థ తోడుతో పొదుపు సంఘాలు పెట్టుకున్నరు. వాళ్లకు భూమి పెట్టుబడి కాదు, నెలనెలా వేసిన చిన్న పైసలే పెట్టుబడి. 1992లో నాబార్డ్ సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించుడు మొదలుపెట్టింది. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. వేర్వేరు కుటుంబాల వాళ్లు పదిమంది ఉంటే చాలు, సర్కారు పైసా లేకుండ, సర్కారు పెత్తనం లేకుండ సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు.

మా వాడల 22 ఇండ్లు కలిసి మొదలుపెట్టినం. ఇంటికి నెలకు 100. నెలకు 2,200, ఏడాదికి 26,400. మిత్తి ఒక్క రూపాయి, మిగిలిన అసలు మీదనే. లెక్క రాసేది మేమే, ఎందుకంటే చదువుకున్నోళ్లం గదా.

ఇప్పుడు చెప్పేది మాకు సిగ్గైన మాటే, అయినా చెప్పాలె. మొదటి ఏడాదిల బాకీ ఆపింది కూలికి పోయేటోళ్లు కాదు. నౌకరీ ఉన్న మేం ముగ్గురం. అప్పు తీసుకొని ప్లాటు కిస్తీకి పెట్టినం. నాలుగు నెలలు కట్టలే. జీతమొచ్చేటోళ్లం, ఎటుపోతమన్న ధీమా. ఒక నెల మీటింగుల మేం అందరి బాకీలు చదివి, మా మూడు పేర్లు దాటేసినం. బీడీలు చుట్టే ఒక అక్క లేచింది. "తమ్మీ, బడిల లెక్కలు చెప్తవట గదా. మరి నీ లెక్క చెప్పు" అన్నది.

ఆ ఒక్క మాటకు మాకు మా నాయన, ఆ పెద్దమనిషి ఇంటి వాకిలి, తియ్యని పుస్తకం కండ్లల్ల మెదిలినయి. మేం ఇటుదిక్కు కాదు, అటుదిక్కు కూసున్నం. పుస్తకం మా చేతికొస్తే మేమూ దాచిపెట్టినం. ఆ వారంలనే ముగ్గురం మిత్తితో సహా కట్టినం. పెట్టె తాళాలు ఇద్దరు అక్కల చేతికి పోయినయి. ఆ దినం నుంచి ప్రతి నెలా లెక్క కమ్యూనిటీ హాల్ గోడ మీద రాస్తం. చదువరానోళ్ల కోసం పైకి చదువుతం. మొదటి పేరు మాదే చదవాలెనని అక్కలు తీర్మానం చేసిన్రు. ఇప్పటికీ అదే నడుస్తున్నది.

మిగతా నియమాలు గూడ చెప్తం. దవాఖానకు, పిల్లల ఫీజుకు ముందు. ప్లాటుకు, దావతుకు చివర. కట్టలేనోళ్లు మీటింగుకు వచ్చి కారణం చెప్తే గడువిస్తం. ఎవలమూ ఎవలి ఇంటి ముందు పోయి కూసోం. అప్పిచ్చినందుకు ఓటు అడగం, పని అడగం. మాలవాడ, మాదిగవాడ, ఊరి చివర గుడిసెలల్ల ఉండే డక్కలి కుటుంబాలు, అందరికీ ఒకే నియమం. మనల్ని బయట కూసోబెట్టినోళ్లను తిడుతూ, మనమే ఇంకొకరిని బయట కూసోబెడితే ఆ సంఘం మనకెందుకు?

మా నిధి గల్ఫ్ వీసాకు సరిపోదు, ఇల్లు కట్టుకునేతందుకు సరిపోదు. దానికి బ్యాంకును గట్టిగ అడగాలె, కార్పొరేషన్‌ను నిలదీయాలె, మహిళా సంఘాలకు సర్కారు ఇస్తనన్న మిత్తి ఆలస్యమైతే రోడ్డెక్కాలె. నిధి పెట్టుకున్నమని సర్కారును వదిలేది లేదు. కానీ రెండు వేలకు గిరిగిరోని దగ్గరికి పోయే అవసరం మా వాడల తప్పింది. ఓట్లప్పుడు "నా బాకీ యాదుందా" అని అడిగేటోనికి జవాబు చెప్పే ధైర్యం వచ్చింది.

బాబాసాహెబ్ రూపాయి సమస్య మీద 1923లో పుస్తకమే రాసిండు. పైసల లెక్క మనది కాదని ఆయన అనుకోలే. మనం ఎందుకనుకోవాలె? మీరు ఇండ్లకు పోయినంక ఒక్క పని చెయ్యండి. పదిమంది కూసోండి, ఒక పుస్తకం కొనండి, ఎవరి బాకీ ఎంతో సిగ్గుపడకుండ రాసుకోండి. రాసేటోడు చదువుకున్నోడైతే, మొదట ఆయన లెక్కే అడగండి.

జై భీమ్!