ఛాయాచిత్రమునకు నిలుచు విద్య
(సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



మోడలింగ్ అను మాట వినినంతనే మన ఇండ్లలో పెద్దలు కనుబొమలు ముడివైతురు. వారితో వాదమునకు నేను రాలేదు. ఆ పనియందొక విద్య కలదని మాత్రము మనవి చేసెదను. మన ఫరీదాబాదు చెంత సూరజ్‌కుండ్‌లో 1987 నుండి చేతిపనుల మేళా జరుగుచున్నది. 2016లో తెలంగాణ దానికి ముఖ్య రాష్ట్రమయ్యెను. పోచంపల్లి నేతగానికి నేడు అంగడి యొక్కటి చాలదు. ఫోనులో చూపుటకు మంచి చిత్రము కావలెను. ఆ చీర కట్టి నిలుచువారు మన యువతులే యైన తప్పేమి?

1839లో డాగేర్ పద్ధతి వెల్లడియైన క్రొత్తలో బొమ్మ పడుటకు నిమిషములు పట్టెడిది. తల కదలకుండుటకు మెడ వెనుక ఇనుప కొక్కెము నిలిపెడివారు. ఆనాటి చిత్రములలో నవ్వు అరుదగుటకు అదియు నొక కారణము. ఆ కొక్కెము మనకు నేటికిని వదలలేదు కాబోలు. మన గుర్తింపు కార్డులు చూడుడు, సొంత పిల్లలే మనలను గుర్తింపజాలరు!

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీన్ దయాళ్ మీరట్ సమీపమున సర్ధనాలో 1844లో జన్మించెను. అనగా మన ఫరీదాబాదునకు పొరుగువాడే. ఆయన 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై వేరుగా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణ నొక ఆంగ్ల వనితకు అప్పగించెను. కెమెరాకన్న ముందు కావలసినది నిలుచువారి నిబ్బరమే యని నా అభిప్రాయము.

ఇక నిలుచుట. 1213 నాటి రామప్ప గుడి మదనికలను చూచినవారికి వేరు గురువు అక్కరలేదు. రెండు కాళ్లపై సమముగా బరువు మోపి నిలిచిన సమభంగము. అది దేవతామూర్తులకు తగును, మనకు మాత్రము బిగుసుకొనిన చూపు నిచ్చును. బరువంతయు ఒక కాలిపై నుంచి రెండవ మోకాలు సడలించినచో నడుము, భుజములు, తల తమంతట తామే ఎదురెదురు వైపులకు ఒరగును. అదియే త్రిభంగము. చేతిని ప్రక్కకు అదుమరాదు. చేతికిని నడుమునకును నడుమ కొంచెము వెలుతురు కనబడవలెను. గడ్డము రవంత ముందునకు, రవంత క్రిందికి. ఊపిరి విడిచిన పిదప మీట నొక్కించుకొనుడు.

ఫోను పట్టినవారు మూరెడు దూరమున నిలిచినచో ముక్కు పెద్దదగును, చెవులు వెనుకకు పోవును. ఇది కటకపు దోషము కాదు, దూరపు దోషము. ఎనిమిది, పది అడుగులు వెనుకకు జరిగి, నిలువు చిత్రమునకు కెమెరాను రొమ్ము ఎత్తున పట్టవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండ కన్నుల క్రింద నీడలు పరచును. ఫిబ్రవరి ఉదయపు లేత వెలుతురు మేలు.

చీర విషయము మరువరాదు. పోచంపల్లి నేతలో నూలును ముందుగా కట్టి, అద్దకము వేసి, పిదప మగ్గమెక్కింతురు. ఆకృతుల అంచులలో కనబడు చెదరిక ఆ పనికి గురుతు. మీరు నడుముపై చేయి వైచి, పైట మడచినచో ఆ నేతపని యంతయు మరుగగును. పైటకొంగు ముంజేతిపై పరచి, చూపు దానివైపు మరలించుడు. కన్ను పోయిన చోటికే చూచువాని కన్నును పోవును.

తలిదండ్రుల భయమునకు ఆధారము లేకపోలేదు. అవకాశమిప్పింతుమని ముందుగా చిత్రముల ఖర్చు పేరిట సొమ్ము గుంజువారు కలరు. పని ఇచ్చువాడు సొమ్ము ఇయ్యవలెను గాని పుచ్చుకొనరాదు. చిత్రము ఎచ్చట, ఎంతకాలము వాడుదురో కాగితముపై వ్రాయించుకొనుడు. ఇష్టము లేని భంగిమకు కాదనుటకు మొగమాటపడకుడు. మనలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ప్రతిఫలము గొని వాణిజ్య ప్రకటనలకు నిలువదలచినచో 1964 నాటి ప్రవర్తన నియమావళి ననుసరించి ముందుగా అనుమతి పొందవలెను.

అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు. వెలుపల పచ్చికపై వెలుతురు ఇంకను బాగుగానే యున్నది. నేతచీరలు కట్టి వచ్చిన సోదరీమణులు ముందు రావలెను. కెమెరాలు గలవారు పది అడుగుల దూరమున నిలువవలెను.