ఉప్పునీటి పంపులకు త్రుప్పు పట్టకుండ చూచుట

(సామర్లకోటలో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగపాఠము)



సామర్లకోట కాలువగట్టున నిలిచి చూచువారికి ఉప్పునీటి బాధ యెట్టిదో తోచదు. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట పుణ్యమా అని యిచట పారునది గోదావరి తీపినీరు. ఈ నీటిని తోడు పోత ఇనుప పంపు సామాన్యమైన సంరక్షణతో ఏండ్ల తరబడి పనిచేయును. కాని కాకినాడ దాటి తాళ్లరేవు, కాట్రేనికోన, ఉప్పలగుప్తము దిక్కునకు పోయి, రొయ్యల చెరువుల గట్లపై నున్న పంపులను చూడుడు. అదే పంపు అచట కొలదికాలములోనే బోల్టులు కరగి, కేసింగు చిల్లులు పడి మూలబడును. మీలో పలువురు ఆ ప్రాంతమునుండి వచ్చినవారే గనుక ఈ నష్టమును మేము వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇనుము త్రుప్పు పట్టుటకు నీరును, గాలిలోని ప్రాణవాయువును రెండును కావలెను. ఉప్పు చేయు అపకార మేమన, నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించునట్లు చేయుట. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము లుండును. అట్టి నీటిలో ప్రతి లోహపుముక్కయు చిన్న బ్యాటరీవలె పనిచేసి తన్ను తానే తినివేసికొనును. అందుచేత నీటిలో పూర్తిగా మునిగియున్న భాగముకంటె, తడియుచు ఆరుచు నుండు భాగము ముందుగా చెడును. ఏరేటరు షాఫ్టును, చట్రమును పరీక్షించినచో ఈ సంగతి కంటికే కనబడును. రొయ్యల కొరకు నీటిలో కలుపు ప్రాణవాయువే ఇనుమునకు యముడగుచున్నది.

పోత ఇనుము విషయములో ఒక మోసము కలదు. ఉప్పునీటిలో దాని ఇనుము కరగిపోగా మిగిలిన బొగ్గుపదార్థము పూర్వపు ఆకారముననే నిలిచియుండును. చూచుటకు కేసింగు చెక్కుచెదరక యున్నట్లే యుండును. చాకుమొన గ్రుచ్చిన దిగబడును. కావున పాత పంపును రంగు చూచి కొనరాదు.

రెండు భిన్నలోహములు ఉప్పునీటిలో తాకియున్నచో బలహీనమైనది త్వరగా నశించును. పెద్ద ఇనుప కేసింగులో చిన్న కంచు ఇంపెల్లరు నుంచిన నష్టము కేసింగంతటికి పరచుకొనును గనుక కొంతకాలము గడచును. కంచు కేసింగునకు ఇనుప బోల్టు బిగించినచో భార మంతయు ఆ బోల్టుమీదనే పడును. అది త్వరలో తెగును. మరమ్మతు చేయువారు చేతికందిన బోల్టును బిగించి పోవుట మన గ్రామములలో నిత్యము చూచుచున్నదే.

ఈ బలహీనలోహ న్యాయమునే రక్షణకు వాడుకొనవచ్చును. ఇంగ్లాండు శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ 1824లో ఓడల రాగిరేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి, అవి కరగుచుండగా రాగి నిలుచునని చూపెను. పంపునకు బిగించిన జింకుదిమ్మయు అట్లే పంపునకు బదులు తాను కరగును. అది నీటిలో మునిగి, పంపులోహమును శుభ్రముగా తాకుచుండవలెను. దానిపై రంగు పూయరాదు. సగము కరగగానే మార్చవలెను. డేవీ ప్రయోగమున ఒక చిక్కు వచ్చెను. రాగి కరగుట మానగా ఓడలకు నత్తలు, గుల్లలు విపరీతముగా పట్టెను. రాగి జలచరములకు విషమని దీనివలన తెలియుచున్నది. హేచరీలలో రొయ్యపిల్లల తొట్లకు కంచు, ఇత్తడి పంపులు తగవనుటకు కారణ మిదియే. ఉప్పునీటి చేపల అద్దపుతొట్లకు వాడు చిన్న పంపులలో ప్లాస్టిక్ ఇంపెల్లరును, పింగాణి షాఫ్టును ఉంచి, అయస్కాంతమును రెసినులో మూసివేయుదురు. అచట లోహము నీటిని తాకదు. తాకని లోహమునకు త్రుప్పు లేదు.

స్టెయిన్‌లెస్ స్టీలు పేరు విని తృప్తిపడరాదు. 304 రకము ఉప్పునీటిలో గుంటలుపడి చెడును. 2 మొదలు 3 శాతము మాలిబ్డినము గల 316 రకము మేలు. అదియు నిలువనీటిలో వదలినచో చెడును. పంట ముగిసినపిదప పంపులో ఉప్పునీటిని నిలువయుంచి పోవుట అన్నిటికంటె చెడ్డ అలవాటు. మంచినీటితో కడిగి, నీటిని పూర్తిగా దింపి, ఆరనిచ్చిన చాలును. ఇందు ఖర్చు లేదు. రంగు వేయునపుడును ముందు మంచినీటితో ఉప్పును కడుగవలెను. ఉప్పుపై వేసిన రంగు పొక్కులెత్తి రాలిపోవును.

ఇది చెరువుల యజమానుల విషయమేయని మీరు తలంపరాదు. తీరగ్రామముల త్రాగునీటి బోర్లలోను ఉప్పు పెరుగుచున్నచోట్లు కలవు. భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో క్లోరైడు లీటరునకు 250 మిల్లీగ్రాములు దాటకుండుట మంచిది. వేరు ఆధారము లేనిచోట 1000 వరకు అనుమతింతురు. బోరునీటిని పరీక్షింపించి, ఆ ఫలితమునుబట్టి పంపు కొనవలెను. పంచాయతీ పిలుచు కొటేషన్లలో ఎన్ని హార్సుపవర్లో వ్రాయుదురుగాని ఇంపెల్లరు, షాఫ్టు, బోల్టులు ఏ లోహమో వ్రాయరు. వ్రాయనిచో తక్కువ ధర పలికినవాడు ఇనుప బోల్టులే యిచ్చును. అతనిని తప్పుపట్టుటకు మీ చేత కాగితముండదు. బోరులోని ఇనుప గొట్టములకు బదులు పి.వి.సి. కాలమ్ గొట్టములను కోరుడు.

ఇక ప్రాణములకు సంబంధించిన మాట. ఉప్పుతేమ చొచ్చిన మోటారుపెట్టెనుండి విద్యుత్తు కారుచున్నపుడు చెరువులో దిగిన కూలివాని గతి యేమి? 30 మిల్లీ ఆంపియర్ల కారుడునకే సరఫరాను నిలుపు రక్షకస్విచ్చి ప్రతి మోటారునకు అవసరము. ఎర్తుగుంటలోని ఇనుపగొట్టమును ఉప్పునేల తినివేయును. పైకి తీగ కనబడుచుండును, క్రింద ఏమియు మిగులదు. వర్షములకు ముందొకసారి, పిదప నొకసారి ఎర్తును లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే కొలిపించి, ఆ అంకెను తేదీతో సహా పంచాయతీ పంపుల పుస్తకములో వ్రాయింపుడు. రొయ్యల చెరువుల యజమానులనుకూడ ఆ అంకె చూపుమని అడుగుడు.