గ్రహణం మొర్రి – ఎవరి నేరం?



పై పెదవి చీలి పుట్టిన బిడ్డకి మన భాషలో ఉన్న పేరు చూడండి: గ్రహణం మొర్రి. పేరులోనే తీర్పు ఉంది. గ్రహణం పట్టినప్పుడు తల్లి బయట తిరిగిందనో, కత్తిపీట ముట్టుకుందనో. బాలింతని చూడవచ్చినవాళ్ళు మొదట అడిగేది అదే. తండ్రిని ఎవరూ ఏమీ అడగరు. మేనరికాల్లో ఎక్కువగా కనిపించే కొన్ని జబ్బులకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు రావాలి. అయినా నింద ఆమె కడుపుకే.

వెన్ను లోపం సంగతి చూద్దాం. మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. మూసుకోకపోతే బిడ్డ నడుము మీద సంచిలాంటి వాపుతో పుట్టవచ్చు. 28 రోజులంటే నెల తప్పి సుమారు రెండు వారాలు. అప్పటికి ఎంతమందికి తెలుస్తుంది? తెలిసినా ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకునేదెప్పుడు?

ఇలాంటి కాన్పు ఒకసారి అయిన స్త్రీలు మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే, ఈ లోపం నూటికి 72 వంతులు తగ్గిందని 1991లో బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ పరిశోధన తేల్చింది. ఖరీదైన మాత్రేం కాదు. మన దగ్గర గర్భిణికి ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్ర నాలుగో నెలలో మొదలవుతుంది. ముందు మూడు నెలలకి విడిగా ఫోలిక్ మాత్ర ఉంది, అదీ పేరు నమోదయ్యాకే. గడువు దాటాక మాత్ర ఇల్లు చేరుతోంది. 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ కాగితాల్లో, గర్భిణులు కాని 20–49 ఏళ్ళ స్త్రీలకి కూడా వారానికో మాత్ర ఉంది. మీ ఊళ్ళో కొత్తగా పెళ్ళయిన పిల్లకి అందిందా? ఆశా కార్యకర్తని కాదు (ఆమె దగ్గర ఉంటేగా ఇచ్చేది), మెడికల్ ఆఫీసర్ని అడగండి.

నాకొక భయం కూడా ఉంది. అన్ని లోపాలూ ఫోలిక్ మాత్రతో ఆగవు; చాలావాటికి కారణమే తెలియదు. "గ్రహణంలో తిరిగావా?" అన్న అత్తగారి ప్రశ్న పక్కన "మాత్ర వేసుకోలేదా?" అన్న డాక్టరు ప్రశ్న చేరుతోంది. ఒక ఆస్పత్రి ఓపీలో నేను విన్నాను. తల్లి తల దించుకుంది.

ఆమెకి చెప్పాల్సినవి వేరే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మొర్రీ, వెన్ను లోపమూ రెండూ ఉన్నాయి, చికిత్స ఉచితం. వెన్ను లోపంతో బిడ్డ పుట్టినట్లయితే వచ్చే గర్భానికి ముందే ఎక్కువ మోతాదు ఫోలిక్ డాక్టరు రాయాలి. మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడుతుంటే, తనంతట తాను మానకుండా, గర్భానికి ముందే డాక్టరుతో మందు మార్పు గురించి మాట్లాడాలి.