ఆదివారం డ్యూటీ, పూజాబాధ్యత

ఆదివారం పని మానాలన్న చట్టాన్ని రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 321లో తెచ్చాడు. న్యాయాధికారులకు, పట్టణవాసులకు విశ్రాంతి. రైతులకు మాత్రం మినహాయింపు, అదును దాటితే విత్తనం మొలవదు కదా. ఆ లోకజ్ఞానం కతోలిక నియమాల్లోనూ ఉంది. 1983 నాటి కానన్ చట్టం ప్రకారం విశ్వాసులు ఆదివారం దివ్యబలిపూజలో పాల్గొనాలి, ఆరాధనకు అడ్డొచ్చే పనులు మానుకోవాలి. శనివారం సాయంత్రం పూజకు వెళ్లినా ఆ బాధ్యత తీరినట్టే. ఆదివారం పొద్దున్నే షిఫ్టు పడ్డ నర్సుకు, బస్సు కండక్టరుకు ఇది పెద్ద వెసులుబాటు. రోగికి ఎక్కుతున్న సెలైన్ వదిలేసి గుడికి రమ్మని కతోలిక సభ అడగదు. అదనపు కూలికి ఆశపడి ప్రతి ఆదివారమూ పని ఒప్పుకోవడం వేరే సంగతి. న్యాయమైన కారణముంటే విచారణ గురువు మినహాయింపు ఇవ్వవచ్చు. బొత్తిగా వీలుపడనివారు ఒంటరిగానో కుటుంబంతోనో కాసేపు ప్రార్థించుకోవాలని అదే చట్టంలోని 1248వ నియమం సూచిస్తుంది.