డ్రమ్ము మీద పేరేంటి?

కంపెనీల్లో ఏడాదికోసారి చేసే వైద్య పరీక్షల రిపోర్టులు చేతికొచ్చాక మాకు ఒకటే రకం ప్రశ్నలు. "డాక్టరుగారూ, లివరు పరీక్షలో ఎస్‌జీపీటీ ఎక్కువుందన్నారు, నేనసలు మందు ముట్టను" అని ఒకరు. "తాగుడు మానేసి చాన్నాళ్లయింది, అయినా తగ్గట్లేదు" అని ఇంకొకరు. వీళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే. రోజంతా ఏ డ్రమ్ము దగ్గర నిలబడుతున్నారు?

ఒకతని సంగతి చెబుతాను. శ్రీకాకుళం వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో హెల్పరు, ముప్పై నిండని కుర్రాడు. ఆకలి లేదు, కడుపు పైభాగంలో నొప్పి, అన్నం చూస్తే వికారం. కామెర్లు లేవు. ఎస్‌జీపీటీ నలభై దరిదాపుల్లో ఉండాల్సింది నాలుగు వందలు దాటింది. హెపటైటిస్ బీ లేదు, సీ లేదు. అప్పటికే రెండు చోట్ల తాగుడు వల్లేనని తేల్చేశారు. ఏం పని చేస్తావు బాబూ అంటే "కంపెనీలోనండి" అన్నాడు. కంపెనీలో ఏం పని? "హెల్పర్నండి." అంతకుమించి పెగల్లేదు. పక్కనున్న భార్య అందుకుంది. "తాగుతాడండి, కాదనను. కానీ ఈమధ్య గుక్కెడు పడితే చాలు, మొహం, మెడ కందగడ్డలా అయిపోయి, గుండె దడ అంటూ కూలబడిపోతన్నాడు. మునుపిలా లేదండి."

ఆవిడ చెప్పినంత బాగా అతని రిపోర్టులేవీ చెప్పలేదు. డీఎంఎఫ్ అని ఒక సాల్వెంటుంది, డైమిథైల్ ఫార్మమైడ్. మందుల తయారీలోనూ, రెగ్జిన్ లాంటి కృత్రిమ తోలు తయారీలోనూ బాగా వాడతారు. లేతగా చేపల వాసన వస్తుంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే, ఆ మద్యం అసిటాల్డిహైడ్ దాకా వచ్చి అక్కడే పేరుకుపోతుంది. మొహం కందేది అందుకే. తర్వాత విడమరిచి అడిగితే చెప్పాడు: సెంట్రిఫ్యూజ్‌లోంచి తడి పొడిని, వాళ్ల మాటలో వెట్ కేక్‌ని, స్కూపుతో తోడి డ్రమ్ములకెత్తడం అతని పని. మాస్కు పెట్టుకునేవాడట. చేతులకు మాత్రం పల్చటి గ్లౌజులు, షిఫ్టు సగంలోనే లోపల తడి. డీఎంఎఫ్ చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. మామూలు నైట్రైల్ గ్లౌజులు దాన్ని ఎంతోసేపు ఆపలేవు, బ్యూటైల్ రబ్బరువి కావాలి.

ఇక లివరు కణంలో ఏం జరుగుతుందో విన్నారా, చిత్రంగా ఉంటుంది. చాలా సాల్వెంట్లు లోపలికి వెళ్లేటప్పుడు అంత విషం కావు. వాటిని విరిచి బయటికి పంపబోయి లివరే వాటిని విషం చేసుకుంటుంది. ఆ పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైనది సీవైపీ2ఈ1. ఒకప్పుడు డ్రైక్లీనింగుకు వాడిన కార్బన్ టెట్రాక్లోరైడునూ ఇదే విరుస్తుంది. పుట్టిన ముక్క కణం పొరలోని కొవ్వును పట్టుకుని చీల్చేస్తుంది. గ్లూటాథయోన్ అనే రక్షణ పదార్థం ఉన్నంతసేపు కణం కాచుకుంటుంది, అది అయిపోతే చచ్చిపోతుంది. అందులోని ఎంజైములు రక్తంలోకి కారిపోతాయి. మీ రిపోర్టులో కనిపించే ఎస్‌జీపీటీ వాటిలో ఒకటి. రోజూ తాగేవాళ్లలో ఈ 2ఈ1 ఇంకా పెరిగి ఉంటుంది, అంటే విషం తయారీ కూడా జోరుగా సాగుతుంది. తాగుడు, సాల్వెంటు రెండూ కలిస్తే నష్టం రెట్టింపు కాదు, ఇంకా ఎక్కువే. అయినా మేం డాక్టర్లం తాగుడు దగ్గరే ఆగిపోతాం. అందుకే మీ పనేంటో మీరే చెప్పాలి.

ఆ కుర్రాణ్ణి మూడు వారాలు పని మాన్పిస్తే ఎస్‌జీపీటీ సగానికి పైగా తగ్గింది. మళ్లీ అదే సెంట్రిఫ్యూజ్ దగ్గరికి పంపారు, మళ్లీ ఎక్కింది. ప్యాకింగుకు మార్చాక కుదుటపడింది.

పనిని బట్టి రోగాన్ని పట్టుకోవడం కొత్తేమీ కాదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో ఒక పీవీసీ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి డాక్టరు జాన్ క్రీచ్ తన కార్మికుల్లో ఒకే రకం అరుదైన లివరు క్యాన్సరు, యాంజియోసార్కోమా, మళ్లీ మళ్లీ రావడం గమనించాడు. పీవీసీ తయారీలో వాడే వినైల్ క్లోరైడ్ గుట్టు 1974లో అలా బయటపడింది. రోగాన్నీ పనినీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఉన్నాడు కాబట్టే కదా! మన 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా విషపదార్థాల వల్ల వచ్చే కామెర్లను మూడో షెడ్యూల్లో చేర్చి, డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలంది. మీరు పని చెప్పకపోతే ఆ డాక్టరు ఏం రాస్తాడు?

మిగతా జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. కెమికల్ డ్రమ్ములు కొని నీళ్లు పట్టుకోవద్దు, ఎంత కడిగినా సరే. డ్యూటీ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు. పారాసిటమాల్ ఇష్టమొచ్చినట్టు మింగొద్దు. లివరు టానిక్కులని ఎవరో ఇచ్చే ఊరూ పేరూ లేని పొడులు అసలే వద్దు. డ్యూటీ దిగిన సాయంత్రం మందు జోలికి పోవద్దు.

కామెర్లు వచ్చాక చూద్దాంలే అనుకోకండి, డీఎంఎఫ్ విషయంలో చాలామందికి అవి రానే రావు. లోపలికి ఫోను రానివ్వరు కాబట్టి, మీ దగ్గరున్న డ్రమ్ము మీది పేరు ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఇంగ్లీషు రాకపోతే షిఫ్ట్ ఇన్‌ఛార్జి చేత రాయించుకోండి. ఈసారి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆయన అడిగినా అడక్కపోయినా, ఆ చీటీ బల్ల మీద పెట్టండి.