సాఫ్ట్‌బాల్ కోచ్ కరోల్ హచిన్స్: కోర్టు మెట్లెక్కినా 38 ఏళ్లు నిలబడిన ఉద్యోగం

(ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడినట్టే ఉంచాం, ఒకటి రెండు చోట్ల మాత్రం సరిచేశాం.)

 

దోహా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, రావాల్సింది అడిగితే పేరు చెడిపోతుంది, తర్వాత ఎవడూ పనివ్వడు అంటున్నారు. నిజమేనా?" అని. ఇది ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదు. అందుకే ఇవాళ నేనుంటున్న మిషిగన్‌లో పేరున్న ఒకావిడ సంగతి చెప్తాను. పేరు కరోల్ హచిన్స్. ఇక్కడందరూ 'హచ్' అంటారు. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్‌గా చేశారు.

సాఫ్ట్‌బాల్ తెలియనివాళ్లకి రెండు మాటలు. బేస్‌బాల్‌కి చెల్లెలు లాంటి ఆట అనుకోండి. బంతి కొంచెం పెద్దది. చేతిని కింద నుంచి తిప్పి విసరాలి. ఏడు ఇన్నింగ్స్. మన దగ్గర స్కూల్ గేమ్స్‌లో కూడా ఉంది. ఇక్కడైతే కాలేజీ ఆటంటే టీవీలో వస్తుంది, స్టేడియాలు నిండుతాయి.

హచిన్స్ పుట్టింది మిషిగన్‌లోని లాన్సింగ్‌లో, 1957లో. పక్కనే ఉన్న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకున్నారు. బాస్కెట్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ ఆడారు. 1976లో వాళ్ల సాఫ్ట్‌బాల్ జట్టు జాతీయ టైటిల్ గెలిచింది.

అసలు విషయం ఇక్కడుంది. అప్పటికి అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చి కొన్నేళ్లయింది. 1972 నాటి చట్టం అది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలో ఆడా మగా తేడా చూపకూడదు. కాగితం మీద అలా ఉంది. మరి బాస్కెట్‌బాల్ జట్లు వేరే ఊరు పోతే? మగపిల్లలకి రూముకి ఇద్దరు, ఆడపిల్లలకి రూముకి నలుగురు. రోజువారీ తిండి డబ్బులు కూడా మగపిల్లల కంటే తక్కువ. ఆట ఒకటే, చెమట ఒకటే, యూనివర్సిటీ కూడా ఒకటే.

రూముకి ఎంతమంది, ఫుడ్ అలవెన్స్ ఎంత... ఈ లెక్క మనకి కొత్తగా చెప్పాలా? క్యాంపులో ఉన్న ఎవరినడిగినా చెప్తారు.

1979లో ఆ అమ్మాయిలు తమ యూనివర్సిటీ మీదే ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. కేసు మీద మొదటి పేరు హచిన్స్‌ది. జడ్జి ఆ ఏడాదే వాళ్లకి అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. కేసు మాత్రం ఆ తర్వాత ఏళ్లు సాగింది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. పేరు చెడిందా? పని దొరకలేదా?

ముందు ఫెర్రిస్ స్టేట్ అనే చిన్న కాలేజీలో ఒక్క సీజన్ హెడ్ కోచ్. ఆ తర్వాత యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో రెండేళ్లు అసిస్టెంట్. 1985లో అక్కడే హెడ్ కోచ్ అయ్యారు. 2022లో రిటైర్ అయ్యేదాకా అదే కుర్చీ. 38 సీజన్లు. మొత్తం 1,707 విజయాలు. రిటైర్ అయ్యేనాటికి కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో ఏ కోచ్‌కీ అన్ని గెలుపులు లేవు. ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటి కూడా లేదు.

అయితే ఇదంతా గబగబా వచ్చింది కాదు. ఇక్కడి చలి సంగతి చూడండి. సాఫ్ట్‌బాల్ సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది. అప్పటికి మా దగ్గర గ్రౌండ్ మీద మంచు. కాలిఫోర్నియా, ఆరిజోనా పిల్లలు ఏడాది పొడుగునా ఎండలో ఆడుకుంటారు. హచిన్స్ జట్టేమో షెడ్డు లోపల ప్రాక్టీస్ చేసుకుని, మొదటి వారాలన్నీ దక్షిణాది, పడమటి రాష్ట్రాలకు పోయి ఆడాలి. సొంతూళ్లో మ్యాచ్ అంటే మార్చి రావాల్సిందే.

హెడ్ కోచ్ అంటే గ్రౌండ్ పక్కన నిలబడి అరవడమే అనుకుంటాం. కాదండీ. హైస్కూల్ పిల్లల్ని వెతికి ఒప్పించాలి. ఇటీవలి దాకా ఒక జట్టుకి 12 స్కాలర్‌షిప్‌లే పరిమితి. వాటినే ముక్కలు చేసి ఇరవైమందికి సర్దాలి. ప్రయాణాలు, బడ్జెట్, పిల్లల మార్కులు, ఇంటి మీద బెంగ పెట్టుకున్న పిల్ల కన్నీళ్లు, అన్నీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లవే.

జట్టు మొదటిసారి జాతీయ ఫైనల్స్ టోర్నమెంటుకి చేరింది 1995లో. అంటే పదకొండో సీజన్. కప్పు వచ్చింది 2005లో, ఇరవై ఒకటో సీజన్‌లో. అప్పటిదాకా మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఏ కాలేజీ కూడా ఆ టైటిల్ గెలవలేదు. ఫైనల్లో ఎదురుగా యూసీఎల్ఏ. మూడు మ్యాచ్‌లలో రెండు గెలవాలి. మొదటిది పోయింది. రెండోది వచ్చింది. మూడోది ఏడు ఇన్నింగ్స్‌లో తేలక పదో ఇన్నింగ్స్ దాకా సాగింది. అప్పుడు సమంతా ఫిండ్లే అనే మొదటి సంవత్సరం అమ్మాయి మూడు పరుగుల హోమ్ రన్ కొట్టింది. 4-1తో కప్పు మిషిగన్‌ది.

ఆవిడ వెళ్లాక ఆ కుర్చీలోకి వచ్చింది బయటివాళ్లు కాదు. ఆవిడ దగ్గరే ఆడి, ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా చేసిన బానీ థోల్. ఇప్పుడు ఆ స్టేడియం పేరు కరోల్ హచిన్స్ స్టేడియం.

ఇప్పుడు కొంచెం నిజాయితీగా మాట్లాడుకుందాం. ఆవిడకీ మనకీ పెద్ద తేడా ఉంది. ఆవిడది సొంత దేశం. వీసా పోతుందన్న భయం లేదు. పాస్‌పోర్టు ఎవరి చేతిలోనో లేదు. ఊళ్లో వడ్డీ కట్టాల్సిన ఏజెంటు అప్పు లేదు. కాబట్టి "ఆవిడ కేసు వేసింది, మీరూ వేసేయండి" అని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లు ఉంటే, రేపు టికెట్ డబ్బులు వాళ్లిస్తారా అని అడగండి.

కానీ ఆవిడ దగ్గర తీసుకోవాల్సినవి మూడున్నాయి.

ఒకటి, ఆవిడ ఒంటరిగా పోలేదు. జట్టుగా పోయారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో చేసిన ఒక చోట (పేరు వద్దు) ఓవర్‌టైమ్ గంటలు తక్కువ వేసేవాళ్లు. నలుగురం కలిసి, నాలుగు వారాల గంటలు నోట్‌బుక్‌లో రాసుకుని సూపర్‌వైజర్ ముందు పెట్టాం. గొడవ లేదు, అరుపులు లేవు. తర్వాతి జీతంలో సరిచేశారు. అన్నిచోట్లా అలా అవుతుందని హామీ ఇవ్వలేను. కానీ రాసిపెట్టుకున్న లెక్కని కొట్టిపారేయడం కష్టం.

రెండు, వాళ్లు దయ అడగలేదు. చట్టంలో ఉన్నది అడిగారు. మీ కాంట్రాక్టు కాగితం ఫొటో మీ ఫోన్‌లో ఉందా? మీరున్న దేశంలో కార్మిక శాఖకి ఫిర్యాదు ఎలా చేస్తారో, మన ఎంబసీ నంబర్ ఏదో తెలుసా? అవసరం రాకముందే తెలుసుకోండి.

మూడు, అడిగినవాళ్లు పని ఎగ్గొట్టేవాళ్లని ఒక ముద్ర వేస్తారు చూడండి, దానికి ఆవిడ 38 ఏళ్లే జవాబు. హక్కు అడిగిన మనిషీ, మంచులో జట్టుని నిలబెట్టిన మనిషీ ఒక్కరే.

తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇదీ. అడిగితే పేరు చెడుతుందని భయపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఎప్పుడు అడగాలి, ఎవరితో కలిసి అడగాలి, ఏ కాగితం పట్టుకుని అడగాలి అనేది మాత్రం నువ్వే చూసుకోవాలి. తొందరపడకు. అలాగని మర్చిపోకు.

మీ దగ్గర ఇలాంటి అనుభవం ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పొద్దంటే చెప్పం. వచ్చే వారం కలుద్దాం. వేళకి తినండి, ఇంటికి ఫోన్ చేయండి. ఉంటాను.