పొదరింటి పక్షి



బావిపై వంగిన యీతచెట్టునకు వ్రేలాడు గిజిగాని గూండ్లను మీరెల్లరు నెఱుగుదురు. మగపక్షి గూడు సగమల్లగా ఆడుపక్షి వచ్చి పరీక్షించును. నచ్చినచో నందే గ్రుడ్లు పెట్టును. ఆస్ట్రేలియాఖండపు తూర్పుటడవులలో మఱియొక శిల్పి కలదు. అది కట్టు పొదరింట నొక్క గ్రుడ్డైనను పెట్టబడదు. దానిని ఆంగ్లేయులు సాటిన్ బవర్‌బర్డ్ అందురు. సాటిన్ అనగా నిగనిగలాడు పట్టుబట్ట.

ఈ పక్షి గోరువంకకంటె పెద్దది, కాకికంటె చిన్నది. ఎదిగిన మగపక్షి మేను నల్లనిదయ్యు, ఎండ సోకినంతనే నీలముగా మెఱయును. కన్నులు ఊదా కలిసిన నీలము. ఆడుపక్షి పచ్చనిది; దాని ఱొమ్మున పొలుసులవంటి గీతలుండును. మగపిల్లయు మొదట తల్లివలెనే పచ్చగా నుండి, ఏడవయేటగాని నిండువన్నెకు రాదు. ఆ లోపల వంకరటింకర పందిళ్లు కట్టి విద్య నేర్చుకొనును. పండ్లును, పురుగులును, చలికాలమున నాకులును వీని యాహారము.

పందిరి నిర్మాణము వినుడు. నేలపై పుల్లలు పఱచి, ఇరువైపుల సన్నని పుల్లలు నిలువుగా గ్రుచ్చి, నడుమ సందు విడిచి, మగపక్షి రెండు గోడలు నిలుపును. ఆకు నమలి, ఉమ్మి కలిపి, ఆ రసమును ముక్కుతో గోడలకు పూయును. ముంగిట చిలుకయీకలు, పూవులు, పండ్లు పేర్చును. అన్నిటిలో నీలిరంగన్న దానికి మిక్కిలి మక్కువ. ఇరుగుపొరుగు పందిళ్ల సొమ్ము దొంగిలించుటయు, పందిళ్లను కూలద్రోయుటయు కలదు. ఇది పక్షి చేసినపని యని 1840లో జాన్ గూల్డ్ అను శాస్త్రజ్ఞుడు లోకమునకు దెలిపెను.

నేడా ముంగిళ్లలో ప్లాస్టిక్ సీసామూతలును చేరినవి. మూతక్రింది వలయము మెడకు దగుల్కొన్నచో పక్షికి ప్రాణాపాయము. కావున వానిని కత్తిరించి పాఱవేయుడని అచ్చటి ప్రజలకు చెప్పుచుందురు.

ఆడుపక్షి పెక్కు పందిళ్లు దర్శించును. సందులో నిలిచి చూచుచుండగా, మగపక్షి ఱెక్కలు విదిలించుచు, ఇతర పక్షుల కూతలు కూయుచు నాడును. ఒకనిని వరించిన పిమ్మట నామె యొంటరిగా చెట్టెక్కి, పుల్లలతో పళ్లెరమువంటి గూడు కట్టి, ఒకటిరెండు గ్రుడ్లు పెట్టి, మూడు వారములు పొదిగి, పిల్లలను తానే పెంచును. తండ్రి యచ్చటికి రాడు; పందిరి చక్కదిద్దుకొనుచుండును.

చూడవచ్చినవారు పందిరినే మెచ్చి పోవుదురు. వంశము నిలుచునది మాత్రము కొమ్మలమాటున నెవ్వరికంటను బడని యా పుల్లలగూటిలో.